ట్యాంకు వెనక రాతిచుక్క

కలుపు మొక్కంటే నాకు ఒళ్ళు మంట. ఇరవై ఒక్క ఏళ్ళుగా ఈ మొక్కల తోటలో నా పని అదొక్కటే. మెట్ల అంచుల్లో, గోడల బీటల్లో, రాళ్ళ సందుల్లో పిలవకుండా వచ్చి కూర్చున్న ప్రతి పచ్చటి దాన్నీ వేళ్ళతో సహా పెకలించి బక్కెట్లో వెయ్యాలి. నా ఆయుధం ఒక పాత చెంచా. దాని మొహాన్ని సుత్తితో కొట్టి చదును చేసుకున్నాను. అందుకని వెనకాల నన్ను ‘చెంచా’ అంటారు. చేతిలో ఉన్నదాన్ని చూసి అంటారో, పెద్ద తోటమాలి మా బాబాయి కాబట్టి అంటారో నేనెప్పుడూ ఆరా తియ్యలేదు.

బాబాయికీ ఒక పేరుంది: భూతద్దం. నల్లతాడు కట్టి అద్దాన్ని మెడలో వేసుకుంటాడు. స్నానానికి తప్ప తియ్యడని పిన్ని అంటుంది. దాంతో ఆకుల వెనక పురుగుల గుడ్లు చూస్తాడు, కుండీల అడుగున చిల్లులు చూస్తాడు, మేము రాసిన రిజిస్టర్లు చూస్తాడు. తోట గేటు లోపల అడుగుపెడితే చుట్టరికం చెల్లదు. ఇంట్లో “మా అమ్మాయి” అని తల నిమిరేవాడే, ఇక్కడ నేను మెట్ల మీద ఒక్క గడ్డిపోచ వదిలితే కొరకొరా చూస్తాడు.

కలుపు పనికి రిజిస్టరు ఉంది. తేదీ, చోటు, చేసిన పని, సంతకం. నా వంతుకి ఏడు చోట్లు. ప్రతి గురువారం ఏడింటికీ ఎదురుగా ‘శుభ్రం చేశాను’ అని రాసి సంతకం పెట్టాలి. దాని పక్కన బాబాయి సంతకం. ఆయన మిగతావాళ్ళ చోట్లకి స్వయంగా వెళ్ళి చూసి మరీ సంతకం పెడతాడు. నా పేజీ వస్తే చూడడు. “నీ సంతకం ఉంటే నేను చూసినట్టే” అంటాడు. ఆ మాట విన్నప్పుడల్లా మొదట్లో నాకు ఛాతీ ఉప్పొంగేది. తర్వాత తర్వాత ఏమయిందో చెప్తాను.

ఇప్పుడు రాతిచుక్క సంగతి. దానికి నోరు తిరగని పొడుగాటి శాస్త్రం పేరు ఉంది. మేము రాతిచుక్క అంటాం. ఎక్కడో ఎత్తయిన కొండమీద, మనిషి నిలబడలేని నిట్టనిలువు రాతిచరియ బీటల్లో తప్ప ఇంకెక్కడా లేదట. ఆ చరియ కూడా ఏటా కొంచెం కొంచెం విరిగి పడుతోందట. కొండలెక్కే ఒక పరిశోధకురాలు తాళ్ళతో వేలాడుతూ కాసిని విత్తనాలు ఏరి, చిన్న కవరులో పెట్టి, అయిదేళ్ళ కిందట బాబాయి చేతికిచ్చింది. ఎక్కడో ఒకచోట బతికుండాలి, మీరే బతికించాలి అంది. ఆ రోజు నుంచి బాబాయి కాలు నేలమీద నిలవలేదు.

విత్తనాలంటే విత్తనాలు కావు, నశ్యం పొడి. గ్లాసు గదిలో కిటికీ పక్కన బల్ల మీద తెల్ల కాగితం పరిచి, దాని మీద ఆ పొడి పోశాడు బాబాయి. ఫ్యాను ఆపించాడు. నన్ను పక్కన నిలబెట్టి, “ఊపిరి మెల్లగా తీసుకో. అసలు తీసుకోకపోతే ఇంకా మంచిది” అన్నాడు. నేను ముక్కు మూసుకుని నిలబడ్డాను. ముప్ఫై కుండీలు వరసగా పెట్టాం. సూదిమొనతో ఒక్కో విత్తనాన్నీ తీసి కుండీలో వెయ్యాలని ఏర్పాటు. సగం అయ్యాయో లేదో, బాబాయి మొహం అదోలా మారింది. కళ్ళు చిన్నవయ్యాయి, నోరు తెరుచుకుంది. “బాబాయ్, వద్దు!” అన్నాను. వద్దంటే ఆగే వస్తువా తుమ్ము? కిటికీ తలుపులు అదిరేలా తుమ్మాడు. కాగితం మీద ఒక్క గింజ మిగల్లేదు. తెరిచిన కిటికీలోంచి అన్నీ బయటికి పోయాయి.

పది నిమిషాలు ఆయన ఖాళీ కాగితం వైపే చూస్తూ నిలబడ్డాడు. “సగం కుండీల్లో పడ్డాయిగా బాబాయ్” అన్నాను. ఆ మధ్యాహ్నం అన్నం తినలేదు. ఇప్పటికీ ఎవరైనా తుమ్మితే ఆయన మొహం చిన్నబోతుంది. పిన్ని పాపం మిరపకాయలు వేయించాలంటే ఆయన ఇంట్లో లేని వేళ చూసుకుంటుంది.

కుండీల్లో పదకొండు మొలిచాయి. వాటికి జరిగిన మర్యాద మా ఇంట్లో పిల్లలెవరికీ జరగలేదు. చలి కావాలని ఆఫీసు ఫ్రిజ్‌లో పెట్టాడు. డైరెక్టరమ్మ టిఫిను డబ్బా పక్కనే రాతిచుక్కలు కూర్చునేవి. ఎండ తగలాలని పొద్దున గంటసేపు బయటికి, వేడెక్కకూడదని మళ్ళీ లోపలికి. వాన నీళ్ళే పోసేవాడు, అదీ చుక్కల మందు సీసాతో. అంతా చేసినా అవి పొడుగ్గా, పాలిపోయి పెరిగేవి. ఏడాదికి రెండో మూడో కుళ్ళిపోయేవి. ఒక్కటీ పువ్వు పుయ్యలేదు.

అదే ఏడు, తుమ్మిన కొన్ని నెలలకి, గ్లాసు గది వెనక రాతిగోడ మీద కొత్త రకం కలుపు లేచింది. బియ్యపు గింజంత ఆకులు, గుండ్రంగా, నూగుతో రాతికి అంటుకుపోయి ఉండేవి. మొండిఘటాలు. చెంచా గుచ్చి లాగితే గాని వచ్చేవి కావు. నేనూ మొండిదాన్నే. నాలుగు గురువారాలు పట్టుదలగా గీకి వాటి అంతు చూశాను. గోడ అద్దంలా అయింది. బాబాయి దూరంనుంచి చూసి, “శభాష్” అన్నాడు.

ఆ తర్వాతే నీళ్ళ ట్యాంకు వచ్చింది. పెద్ద నల్ల ప్లాస్టిక్ ట్యాంకు. తెచ్చి సరిగ్గా ఆ కిటికీకీ గోడకీ మధ్యన, దిమ్మ మీద పెట్టారు. ట్యాంకుకీ గోడకీ మధ్య మిగిలింది జానెడున్నర సందు. అది నా ఏడు చోట్లలో ఏడోది. ఆ సందు కొలిచినవాళ్ళు నన్ను కొలవలేదు.

రెండు మూడు వారాలు పక్కవాటుగా దూరి ఎలాగో పని కానిచ్చాను. ఒక గురువారం ఇరుక్కుపోయాను. ముందుకి పోను, వెనక్కి రాను. ఊపిరి పీలిస్తే ట్యాంకు నొక్కేస్తోంది, వదిలితే గోడ గీరుతోంది. కేక వేస్తే తోట తోటంతా వచ్చి చూస్తుంది. అందుకని పళ్ళ బిగువున పావుగంట తంటాలు పడి బయటపడ్డాను. ఎడమ కాలి చెప్పు మాత్రం లోపలే ఉండిపోయింది. దానికోసం మళ్ళీ దూరే ధైర్యం లేక ఒంటి చెప్పుతో ఇంటికెళ్ళాను. కుక్క ఎత్తుకుపోయిందని చెప్పాను.

ఆ రోజు తర్వాత నేను ఆ సందులోకి అడుగుపెట్టలేదు. నా సంతకం మాత్రం ప్రతి గురువారం వెళ్ళి వచ్చింది. ‘ట్యాంకు వెనక: శుభ్రం చేశాను.’ నాలుగేళ్ళు. మొదటి వారం కలం రెండుసార్లు తీసి మళ్ళీ పెట్టేశాను. రెండో వారం ఒక్కసారి. తర్వాత అలవాటైపోయింది, ఆ దారిన నడిచేటప్పుడు తల తిప్పుకోవడం కూడా.

ఈ ఏడు బాబాయి రిటైరవుతున్నాడు. ఆయన వెళ్ళాక, రాళ్ళ మధ్య మొక్కలు పెంచే మా రాతి తోట మీద పర్యవేక్షణ ఎవరికిచ్చేదీ తేలాలి. నాకివ్వమని బాబాయి సిఫార్సు చేశాడు. చుట్టరికం చూసి అంటున్నాడనుకుంటారేమోనని, ఆధారంగా నా రిజిస్టర్లు కట్టగట్టి డైరెక్టరమ్మ బల్ల మీద పెట్టాడు. “ఒక్క గురువారం తప్పలేదమ్మా. ఒక్క చోటు తప్పలేదు. ఇలాంటి మనిషి మీకు దొరకదు” అన్నాడు. పక్కనే నిలబడ్డ నాకు నేల చీలి లోపలికి పోతే బావుండుననిపించింది. నోరు తెరిచాను. మూసుకున్నాను.

డైరెక్టరమ్మ మంచిదే, కానీ నెమ్మదిగా కత్తి దింపే రకం. “మరి మీ రాతిచుక్క సంగతేమిటండీ? అయిదేళ్ళయింది. ఈ నెలాఖరుకి పువ్వు పూస్తే గ్లాసు గది దానికే ఉంచుతాను. లేకపోతే అక్కడ కూల్‌డ్రింకుల కొట్టు పెట్టిస్తాను. జనం నీడ అడుగుతున్నారు” అంది. నెలాఖరంటే బాబాయి చివరి రోజు కూడా అదే. ఇంకా మిగిలింది ఒక్క కుండీ.

ఆఖరి వారం సోమవారం పొద్దున ఆ కుండీలో ఆకు ఆయన వేళ్ళకే ఊడి వచ్చింది. మొదలు కుళ్ళిపోయింది. ఆయన భూతద్దం తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. మళ్ళీ తుడుచుకున్నాడు. “ఒక్కసారి పువ్వు చూస్తే చాలనుకున్నాను అమ్మాయ్. ఒక్కసారి చూసి ఇంటికి పోదామనుకున్నాను” అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. చెంచా తీసుకుని వెళ్ళి మెట్ల మీద లేని కలుపుని గంటసేపు గీకాను.

బుధవారం ట్యాంకు కారుతోందని ప్లంబరు వచ్చాడు. అగ్గిపుల్లలా ఉంటాడు, పైగా వాగుడుకాయ. సందులోకి అలవోకగా జారిపోయాడు. నాకు అసూయ పుట్టింది. లోపల్నుంచి మాటలు మొదలయ్యాయి.

“అక్కా, పైపు జాయింటు దగ్గర చుక్క చుక్క కారుతోందక్కా. ఇవాళ్టిది కాదు, ఏళ్ళనాటిది. గోడంతా లోపల్నుంచి చెమ్మగా ఉంది.”

“సరేలే, బిగించు.”

“అక్కా, ఇక్కడ చెప్పుంది! ఆడవాళ్ళది. నీలం పట్టీ. లోపల నాచు కూడా పట్టింది.”

“ఎవరిదో కుక్క తెచ్చి పడేసుంటుంది” అన్నాను. అదే కుక్క, అదే అబద్ధం.

“పూలు కూడా ఉన్నాయక్కా.”

“కలుపు పూలా?”

“ఏమో. బాగున్నాయి. గోడకి అతుక్కుని గుత్తులు గుత్తులుగా. నాకు నీళ్ళు కారడం తెలుసుగానీ పూలు తెలియవు. ఇదిగో, ఫొటో తీశాను.”

చెయ్యి చాచి ఫోనిచ్చాడు. చూశాను. రాతికి అంటుకున్న గుండ్రటి ఆకులు, అరచేతి వెడల్పున. నూగు. ఆకుల అంచున వరసగా తెల్లటి సున్నం చుక్కలు. మధ్యలోంచి సన్నటి కాడలు, వాటిమీద లేత ఊదారంగు పూలు, లోపల పసుపు బొట్టు. గ్లాసు గది గోడ మీద బాబాయి అయిదేళ్ళ కిందట అతికించిన బొమ్మ ఉంది. రోజూ తుడిచేది నేనే. ఆ చుక్కల లెక్క కూడా నాకు తెలుసు.

అక్కడే దిమ్మ అంచున కూలబడ్డాను. మొదట కలిగింది సంతోషం, అబద్ధమెందుకు. లేచి గెంతాలనిపించింది. ఆ వెంటనే రెండోది తట్టింది. రేపు బాబాయి అడుగుతాడు: ప్రతి గురువారం నువ్వు గీకే గోడ మీద ఇంత మొక్క ఎలా పెరిగింది అని. నాలుగేళ్ళ సంతకాలు డైరెక్టరమ్మ బల్ల మీదే ఉన్నాయి.

నా బుర్ర పాడుబుర్ర. అది వెంటనే ఒక దారి చూపించింది. మొక్కని పెకలించి బాబాయి ఖాళీ కుండీలో నాటేస్తే? రేపు పొద్దున ఆయన వచ్చేసరికి గ్లాసు గదిలో పువ్వు. ఆయన సంతోషం ఆయనకి, నా ఉద్యోగం నాకు.

“తమ్ముడూ, ఒక మొక్కని వేళ్ళతో సహా పీకి ఇస్తావా?”

“ఎంతసేపక్కా!” అని చెయ్యి వేశాడు. “అబ్బో, లోపలికి దిగిపోయింది. గట్టిగా లాగితే వచ్చేస్తుంది. విరిగితే విరుగుద్ది.”

విరుగుద్ది అన్న మాట చెవిన పడగానే, “ఆగు! ముట్టుకోకు! చెయ్యి తియ్యి!” అని అరిచాను. జీవితంలో ఒక మొక్కని పీకొద్దని అరవడం నాకు అదే మొదలు. పాపం వాడు తల ట్యాంకుకి కొట్టుకున్నాడు.

ఫోను అలాగే పట్టుకుని ఆఫీసుకి నడిచాను. డైరెక్టరమ్మ గదిలో బాబాయి ఉన్నాడు. గ్లాసు గది తాళంచెవి బల్ల మీద పెడుతున్నాడు. పక్కన నా రిజిస్టర్ల కట్ట.

“బాబాయ్, ఇది చూడు.”

ఆయన ఫోనుని దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు, ఆఖరికి భూతద్దం ఆనించి చూశాడు. “ఆ పరిశోధకురాలు పంపిందా? కొండమీదదా?”

“కొండ కాదు బాబాయ్. మన ట్యాంకు వెనక.”

“ట్యాంకు వెనక నువ్వు వారం వారం గీకుతావుగా.”

“గీకను.”

బాబాయి అర్థం కానట్టు చూశాడు. నేను కళ్ళు దించుకోలేదు. దించుకుంటే మళ్ళీ నోరు పడిపోతుందని భయం. “నాలుగేళ్ళయింది బాబాయ్. ఒకసారి ఇరుక్కుపోయాను. చెప్పుకోడానికి సిగ్గేసింది. అప్పట్నుంచీ వెళ్ళకుండానే సంతకం పెట్టాను. నా చెప్పు కూడా లోపలే ఉంది. కుక్క ఎత్తుకుపోలేదు.”

ఆయన నా మొహం చూశాడు, రిజిస్టర్ల కట్ట చూశాడు. నన్ను తిట్టి ఉంటే బావుండేది. చేతిలో ఫోను పట్టుకుని బయటికి నడిచాడు. నడిచాడని అనడం మర్యాదకి. డెబ్భై అడుగుల దారిని పరిగెత్తాడు.

ట్యాంకు నీళ్ళు వదిలేశారు. ప్లంబరూ నలుగురు మాలీలూ కలిసి దాన్ని మూడడుగులు పక్కకి జరిపారు. గోడ బయటపడింది. ఒకటి కాదు, బీట వెంబడి పైనుంచి కిందిదాకా రాతిచుక్కలే. కింద నీలం పట్టీ చెప్పు. దాన్ని ఎవరూ దాచలేదు.

పదేళ్ళుగా నడుము వంగదని నేలమీద పడ్డ కలం కూడా మాచేత తీయించే మనిషి, మోకాళ్ళ మీద కూర్చుని, గోడకి ముక్కు ఆనించి, భూతద్దంతో ఒక్కో పువ్వూ చూశాడు. “పదిహేడు మొక్కలు” అన్నాడు. కళ్ళ నీళ్ళు గెడ్డం మీంచి కారుతున్నాయి, ఆయనకి తెలియడంలేదు. “వెనకాల చెమ్మ, ముందు నీడ, పాత సున్నం. నేను ఫ్రిజ్‌లో పెట్టి చంపాను, ఇది కారే పైపుతో బతికింది.” తర్వాత తల తిప్పి వెనక ఉన్న కిటికీని చూశాడు. మళ్ళీ గోడని చూశాడు. అలా రెండు మూడుసార్లు చూశాక ఆయన మొహం వెలిగిపోయింది.

“నా తుమ్మే!” అన్నాడు. “ఒసే అమ్మాయ్, ఇది నా తుమ్మేనే!”

అంతే, నవ్వు మొదలుపెట్టాడు. ఆయన నవ్వితే నేనూ, నేను నవ్వితే మాలీలూ, ఏమీ తెలియని ప్లంబరు కూడా. డైరెక్టరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అయిదేళ్ళుగా ఆ మనిషి గుండెల మీద ఉన్న బరువు దిగడం నేను కళ్ళారా చూశాను.

నవ్వు తగ్గాక డైరెక్టరమ్మ నావైపు తిరిగింది. “చూడమ్మా, సంతోషమే. కానీ నాలుగేళ్ళు తప్పుడు సంతకం పెట్టిన మనిషికి పర్యవేక్షణ ఇవ్వలేను.”

“నేను కూడా ఇవ్వొద్దనే అంటున్నాను” అన్నాడు బాబాయి. నా మొహం మాడిపోయింది. న్యాయమే, అయినా మాడిపోయింది. ఆయన లేచి బట్టలు దులుపుకుని ఆవిడతో, “గ్లాసు గది కూడా మీరు తీసుకోండమ్మా. కొట్టు పెట్టుకోండి. దీనికి గది అక్కర్లేదు. ఈ గోడ ఇవ్వండి చాలు. ట్యాంకుని మళ్ళీ అక్కడే పెట్టించండి. ఆ పైపు మాత్రం బాగుచెయ్యొద్దు” అన్నాడు. ప్లంబరు తన వృత్తికే అవమానం జరిగినట్టు చూశాడు.

తర్వాత బాబాయి నా భుజం మీద చెయ్యి వేశాడు. గేటు లోపల ఆయన నా భుజం మీద చెయ్యి వెయ్యడం ఇరవై ఒక్క ఏళ్ళలో అదే మొదటిసారి. గోడ మిగతా భాగం వైపు చూశాడు. నున్నగా, అద్దంలా, ఎటు చూసినా ఒక్క ఆకు లేకుండా మెరుస్తోంది. చెవి దగ్గరకొచ్చి, ఎవరికీ వినపడకుండా, ఎంతో ఆశగా అడిగాడు:

“ఇంకెక్కడైనా ఎగ్గొట్టావా తల్లీ? బాగా ఆలోచించుకుని చెప్పు.”

అప్పుడు గుర్తొచ్చాయి నాకు, ఆ ఏడు నాలుగు గురువారాలు పట్టుదలగా గీకిన గుండ్రటి నూగు ఆకులు. బక్కెట్లకి బక్కెట్లు. ఆయన శభాష్ అన్నాడు కూడా. “లేదు బాబాయ్” అన్నాను. “మిగతావన్నీ ఒళ్ళొంచి చేశాను.”

ఆయన ఆ నున్నటి గోడని అరచేత్తో ఒకసారి తడిమాడు. ఆ తర్వాత నా చేతిలోంచి చెంచా తీసుకుని తన జేబులో పెట్టుకున్నాడు.

బాబాయి రిటైరై ఇప్పటికి ఆరు నెలలు. ప్రతి గురువారం మధ్యాహ్నం తోటకి వస్తాడు. గ్లాసు గదిలో ఒక కూల్‌డ్రింకు తాగి, తిన్నగా నా దగ్గరకొచ్చి రిజిస్టరు తెరుస్తాడు. ఏడో చోటికి ఎదురుగా ఏమి రాయాలో వెళ్ళిపోయే రోజున ఆయనే చెప్పాడు. ‘ట్యాంకు వెనక: ఏమీ చెయ్యలేదు.’ కింద నా సంతకం ఉంటుంది. ఆయన మెడలో అద్దం సర్దుకుంటాడు.

“నిజంగా ఏమీ చెయ్యలేదుగా?” అంటాడు.

“ఏమీ చెయ్యలేదు బాబాయ్.”

అయినా ఇప్పుడు ఆయన నా సంతకం చూసి ఊరుకోడు. వెళ్ళి, సందు మొదట్లో నిలబడి, తన కళ్ళతో చూసి మరీ వస్తాడు.